నల్లగొండ ఎండకూ వానకూ ఏ టైరు? 185/65 ఆర్15 సైజుపై దీర్ఘకాల సమీక్ష

మారుతి కార్లలో డిజైర్ పై వేరియంట్లకూ, బాలెనో కింది వేరియంట్లకూ వచ్చే 185/65 ఆర్15 సైజులో (వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కభాగం ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు) మిషెలిన్ ఎనర్జీ ఎక్స్‌ఎం2+ టైర్లను దాదాపు పూర్తిగా అరిగేదాకా వాడాక రాస్తున్నాను. తిరిగిన దారులు 65వ నంబరు హైవే, నల్లగొండ–దేవరకొండ రోడ్డు, మిర్యాలగూడ చుట్టుపక్కల కాల్వ కట్టలు, కల్వకుర్తి, అచ్చంపేట మీదుగా శ్రీశైలం ఘాట్. తడి రోడ్డు మీద పట్టు బాగుంది, చప్పుడు తక్కువ, మళ్లీ ఇవే వేయిస్తాను. అయితే టైరు ఎన్నాళ్లు మన్నుతుందనేది ఎక్కువగా మన చేతిలోనే ఉంది. మే నెలలో గాలి, జూన్ రాకముందే గాడి లోతు చూసుకోకపోతే ఎంత మంచి టైరైనా దండగే.

కాలానికో జత టైర్లు మార్చే పద్ధతి మనకు అక్కర్లేదు. చలికాలపు టైర్ల రబ్బరు 7 డిగ్రీల కింద చలిలో కూడా మెత్తగా ఉండేలా చేస్తారు. మహబూబ్‌నగర్‌లో జనవరి తెల్లవారుజామున కూడా మామూలుగా అంత చలి ఉండదు. ఆ రబ్బరు మన మే ఎండకు ఇట్టే అరిగిపోతుంది. ఏడాది పొడుగునా ఒకే రకం చాలు, దాన్ని తడి పట్టు చూసి ఎంచుకోవాలి. ఎక్కువ కిలోమీటర్లు వస్తాయని అమ్మే గట్టి రబ్బరు టైర్లు పొడి రోడ్డు మీద నిజంగానే మన్నుతాయి. తొలకరి నాడు మాత్రం వాటితో భయమే. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, ఆయిలు మొదటి జల్లుకు సబ్బు నురగలా తేలతాయి. అప్పుడు బండి ఆగాల్సిన చోట ఆగదు.

ఎండ సంగతి. రోజూ చూసే తప్పు ఇది: మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి నకిరేకల్ దాకా నడిపి, బంకులో గాలి చూపిస్తారు. పొద్దున 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత, వాడుకలో పాయింట్లు) ఉన్నది 38 చూపిస్తుంది. ఎండకు పేలిపోతుందేమోనని 5 పాయింట్లు దింపేస్తారు. మర్నాడు పొద్దున టైరు చల్లారాక అది 28కి పడిపోతుంది. గాలి తగ్గిన టైరు పక్కభాగం చక్రం తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా మడతపడుతుంది, ఆ మడతలోనే వేడి పుడుతుంది, లోపలి దారాలు రబ్బరు నుంచి ఊడతాయి. హైవే మీద టైర్లు పేలడానికి పెద్ద కారణం ఇదే, గాలి ఎక్కువవడం కాదు. డ్రైవర్ తలుపు దగ్గర స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. అందులో రాసిన అంకె చల్లని టైరుకు వర్తిస్తుంది. పొద్దున బండి తీయకముందే చూసుకోవాలి, నిండా మనుషులు, సామాన్లు ఉంటే ఫుల్ లోడుకు రాసిన అంకె పట్టుకోవాలి. టైరు పక్కన రాసి ఉండేది అది తట్టుకునే గరిష్ఠం, అంత కొట్టించకూడదు. వాతావరణం సుమారు 6 డిగ్రీలు మారితే 1 పీఎస్‌ఐ మారుతుంది, కాబట్టి డిసెంబరు రాగానే మళ్లీ ఒకసారి సరిచూడాలి. నైట్రోజన్‌కు డబ్బు పెట్టాల్సిన అవసరం నాకు కనిపించలేదు. మామూలు గాలిలోనే 78 శాతం అదే.

వానకాలానికి లోతు. కొత్త టైరు గాడి సుమారు 8 మిల్లీమీటర్లు. చట్టం ఒప్పుకునే కనిష్ఠం 1.6, గాడి అడుగున చిన్న అడ్డగట్లు ఆ ఎత్తులోనే ఉంటాయి. అక్కడిదాకా ఆగితే ఆలస్యమైనట్టే. 3 కిందకు వచ్చాక గాడులు నీళ్లను పక్కకు తోయలేవు, వేగం 80 దాటితే నిలిచిన నీటి మీద స్టీరింగు తేలికైపోతుంది. మే చివర్లో లోతు కొలిచే గేజీ పెట్టి చూడండి. 3 ఉంటే జూన్ రాకముందే మార్చేయండి. అక్టోబరులో 3 ఉంటే యాసంగి అంతా హాయిగా తిరగొచ్చు. ఎక్స్‌ఎం2+ నచ్చడానికి ముఖ్య కారణం, సగానికి పైగా అరిగాక కూడా తడిలో బ్రేకు మీద నమ్మకం పోలేదు.

రెండే మారుస్తుంటే కొత్తవి వెనక వేయించండి. షాపువాళ్లు అలవాటుగా ముందు వేస్తారు, గట్టిగా చెప్పాలి. తడిసిన ఘాట్ మలుపులో ముందు చక్రాలు జారితే స్టీరింగు చెబుతుంది, యాక్సిలరేటర్ వదిలితే సర్దుకుంటుంది. వెనక చక్రాలు జారితే బండి అడ్డం తిరిగాకే తెలుస్తుంది.

మన దగ్గర టైర్లు ఎక్కువగా పాడయ్యేది లోపలి అంచున. గుంతల్లో పడీ పడీ చక్రాల అలైన్‌మెంట్ తప్పుతుంది, బయటి నుంచి చూస్తే బటన్లు (గాడుల మధ్య రబ్బరు దిమ్మెలు) కొత్తగానే ఉంటాయి. స్టీరింగు పూర్తిగా ఒకవైపు తిప్పి, టైరు వెనక నుంచి అరచేతిని లోపలి అంచు మీద అడ్డంగా నడపండి. ఒకవైపు రాస్తే నున్నగా, ఎదురు రాస్తే రంపం పళ్లలా తగిలితే టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పినట్టు. రెండంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ. 8–10 వేల కిలోమీటర్లకు ఒకసారి ముందటివి అదే పక్కన వెనక్కి, వెనకవి అడ్డంగా మార్చి ముందుకు తేవాలి. బాణం గుర్తున్న టైర్లయితే పక్క మార్చొద్దు.

పంక్చర్లలో సర్కారు తుమ్మ ముల్లే మొండిది. టైరులో దిగి, బయటి భాగం రోడ్డుకు అరిగిపోతుంది, మిగిలిన ముక్క నల్లగా కలిసిపోతుంది. రెండు రోజులకు రెండు మూడు పాయింట్లు తగ్గుతుంటే మేకు కోసం వెతికి లాభం లేదు. సబ్బు నీళ్లు పోసి టైరును చాలా నెమ్మదిగా తిప్పించాలి, బుడగలు ఆవగింజంత వస్తాయి. నడుమ పడ్డ రంధ్రానికి లోపలి నుంచి వేసే పుట్టగొడుగు ప్యాచ్ నమ్మకమైనది. అంచునో పక్కభాగంలోనో అయితే అతుకు ఆగదు. గుంతలో పడి పక్కన బుడిపె లేస్తే దారాలు తెగినట్టే, బాగు చేయలేం. అందుకే ఊళ్ల రోడ్లలో తిరిగేవాళ్లు అందం కోసం 195/55 ఆర్16కి పోవద్దంటాను. పక్కభాగం ఎత్తు 120 నుంచి 107 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, దెబ్బంతా రిమ్ముకే.

కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల దగ్గర ఏ టైరూ ఆదుకోదు, గింజలు కింద దొర్లిపోతాయి. వేగం తగ్గించి, వాటి మీద బ్రేకు తొక్కకుండా దాటాలి.

కొనేటప్పుడు టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగంకెలు చూడండి, అది తయారైన తేదీ. 2324 అంటే 2024లో 23వ వారం. ఎక్కువ అమ్ముడుపోని సైజులు చిన్న పట్టణాల షాపుల్లో నిలవుంటాయి, ఆరు నెలలు దాటితే వేరేది అడగండి. లోడు, వేగం గుర్తు కంపెనీ ఇచ్చినదానికి తగ్గకూడదు. 88హెచ్ అంటే ఒక్కో టైరుకు 560 కిలోలు, గంటకు 210 కిలోమీటర్లు. వాల్వులు కూడా కొత్తవి వేయించండి, ఎండకు వాటి రబ్బరు బిరుసెక్కి మొదలు దగ్గర చీలుతుంది. స్టెపినీని వాడకపోయినా ఆరేళ్ల తర్వాత నమ్మొద్దు. దాంట్లో గాలి మాత్రం నెలకోసారి చూడాలి.