టీపీ లింక్ ఆర్చర్ సీ6: ఐపీలు కుదురుగా ఉండాలంటే ఇది చాలు

నిన్న శుభ్రంగా పనిచేసిన ప్రింటర్ ఇవాళ ఆఫ్‌లైన్ అంటోందంటే చాలాసార్లు తప్పు ప్రింటర్‌ది కాదు. కరెంటు పోయి వచ్చాక రూటర్ దానికి వేరే ఐపీ (ఇంటి నెట్‌వర్క్‌లో ఆ పరికరం చిరునామా నంబరు) ఇచ్చి ఉంటుంది, కంప్యూటరేమో ఇంకా పాత నంబరు దగ్గరే వెతుకుతూ ఉంటుంది. ఆర్చర్ సీ6 రూటర్ నేను కొన్నదే ఇందుకు. నెట్ కంపెనీవాళ్లు కనెక్షన్‌తో పాటు ఇచ్చిన రూటర్ డబ్బాలో సెట్టింగులు ముట్టుకోనివ్వరు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే "అది కస్టమర్లకి ఇవ్వం సార్" అన్నారు.

ఇందులో ఆ తలనొప్పి లేదు. బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టి, అడ్వాన్స్‌డ్‌లో నెట్‌వర్క్, అందులో డీహెచ్‌సీపీ సర్వర్ (పరికరాలకి ఐపీలు పంచే భాగం)లోకి వెళితే అడ్రస్ రిజర్వేషన్ కనిపిస్తుంది, ఫలానా పరికరానికి ఎప్పుడూ ఇదే ఐపీ ఇవ్వమని చెప్పేది అక్కడే. పరికరం మ్యాక్ అడ్రస్ (దాని గుర్తింపు నంబరు), మనకి కావాల్సిన ఐపీ ఇచ్చి సేవ్ చేసి, ఆ పరికరాన్ని ఒకసారి ఆపి ఆన్ చేస్తే అయిపోయింది. మ్యాక్ అడ్రస్ కోసం ప్రింటర్‌ని తిరగేసి స్టిక్కర్ చదవక్కర్లేదు, కనెక్ట్ అయినవన్నీ అదే పేజీలో కింద ఉంటాయి.

ఒక్కో పరికరంలోకి వెళ్లి చేత్తో ఐపీ కొట్టే పద్ధతి మాత్రం వద్దు. కెమెరాలు బిగించేవాళ్లు డీవీఆర్‌కి (కెమెరాల రికార్డింగ్ పెట్టెకి) 192.168.1తో మొదలయ్యే నంబరొకటి పెట్టేసి వెళ్లిపోతారు, తర్వాత 192.168.0 వాడే రూటర్ తెస్తే ఆ నంబరు దానికి పొసగదు, డీవీఆర్ బాగానే రికార్డు చేస్తుంటుంది కానీ ఫోన్లో బొమ్మ రాదు. డీవీఆర్‌లో డీహెచ్‌సీపీ ఆన్ చేసి, నంబరు కాయం చేసే పని రూటర్‌కి వదిలేయండి, రేపు రూటర్ మారినా మార్చాల్సింది ఒక్కచోటే.

ఫోన్లతో ఒక తిరకాసు ఉంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి వైఫైకి అసలు మ్యాక్ బదులు దొంగ మ్యాక్ ఒకటి చూపిస్తాయి, వైఫై మర్చిపోయి మళ్లీ కలిపితే అదీ మారొచ్చు, దాంతో మీరు పెట్టిన రిజర్వేషన్ గాలికి పోతుంది. మన ఇంటి వైఫై వరకూ ఫోన్లో ఆ ప్రైవసీ సెట్టింగు తీసేస్తే సరి. అసలు ఫోన్లకి స్థిరమైన ఐపీ ఎందుకో నాకైతే అర్థం కాదు, ప్రింటర్, డీవీఆర్, ఫైళ్లు దాచుకునే పెట్టె ఉంటే అదీ, అంతే.

ఇదంతా ఇంటి లోపలి సంగతి. ఆఫీసులో కూర్చుని నేరుగా ఇంటి ఐపీ కొట్టి కెమెరాలు చూద్దామనుకుంటే ఏ రూటర్ కొన్నా కుదరకపోవచ్చు. రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ రూటర్‌కి ఇచ్చిన ఐపీ) 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే, అంటే బయటి ఐపీ మీ ఒక్కరిదే కాదు. అప్పుడు నెట్ కంపెనీ దగ్గర పబ్లిక్ స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఉండే, మారని బయటి ఐపీ) విడిగా తీసుకోవాలి, లేదా డీవీఆర్ యాప్‌లో క్లౌడ్ ద్వారా చూసుకోవాలి.

ఇది వైఫై 5 (కాస్త పాత తరం వైఫై) రూటర్, స్పీడు పిచ్చి ఉన్నవాళ్లకి కాదు. పోర్టులన్నీ గిగాబిట్ (సెకనుకి వెయ్యి మెగాబిట్ల వేగం) కాబట్టి వైరుతో కలిపినవాటికి ఇబ్బంది లేదు. మీ పాత డబ్బాలోనే రిజర్వేషన్ పేజీ తెరుచుకుంటే మాత్రం ఇది కొనక్కర్లేదు, ముందు అది చూసుకోండి.