పాత లారీకి కొత్త కంప్రెసర్: ఆరేళ్ల వాడకం తర్వాత

నా లారీ ఏసీ పాతరకం ఆర్-12 గ్యాస్ కాలం నాటిది. దానితో వచ్చిన రెండు సిలిండర్ల కంప్రెసర్ బాగా బరువు. ఏసీ వేయగానే స్టీరింగ్ దాకా అదురు వచ్చేది. షాఫ్ట్ సీలు దగ్గర నూనె కారడం మొదలయ్యాక దాన్ని దించేసి, ఏడు పిస్టన్ల శాండెన్ 7హెచ్15 ఎక్కించాను. గ్యాస్‌ను ఆర్-12 స్థానంలో వచ్చిన ఆర్-134ఏకి మార్చాను. ఈ ఆరేళ్లలో ఆ కంప్రెసర్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. చల్లదనం మాత్రం రెండుసార్లు పోయింది, రెండుసార్లూ తప్పు పైపులదే. అందుకే ఇక్కడ కంప్రెసర్ గురించి తక్కువ, పైపుల గురించి ఎక్కువ రాస్తున్నాను.

బ్రాకెట్ బిగించడం, పుల్లీల గాళ్లు ఒకే వరసలో ఉన్నాయో లేదో తిన్నటి బద్ద పెట్టి చూసుకోవడం ఒక పూట పని. కంప్రెసర్‌ను పుల్లీతో కలిపే క్లచ్ కాయిల్ 12 వోల్టులదా, 24 వోల్టులదా అన్నది కొనేటప్పుడే చూసుకోండి.

చిక్కంతా ఆ తర్వాతే. పాత కంప్రెసర్‌కు పైపులు పైనుంచి దిగేవి, కొత్తదానికి వెనక మూతలోకి వెళ్లాలి. పాత హోస్‌లు అందలేదు, మరలూ కలవలేదు. మొదటిసారి నేను అడాప్టర్లతో సర్దేశాను. రెండో నెల తిరగకుండానే వేడిగాలి! బానెట్ ఎత్తి చూస్తే ఫిట్టింగ్ కింద దుమ్ము నూనెతో తడిసి నల్లగా ముద్దకట్టి ఉంది. సబ్బు నీళ్లు రాస్తే అడాప్టర్ మర దగ్గర ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. అతుకు పెరిగిన ప్రతిచోటా కారడానికి ఒక దారి పెరిగినట్టే. పైగా ఆర్-134ఏ అణువు ఆర్-12 అణువు కంటే చిన్నది, పాత రబ్బరు గోడలోంచి కూడా మెల్లగా జారిపోతుంది. లోపల నైలాన్ పొర ఉండే బ్యారియర్ హోస్ వేయక తప్పదని అప్పటికి గాని నాకు తెలిసిరాలేదు.

రెండోసారి మూడు పైపులూ కొత్తగా చేయించాను: కంప్రెసర్‌కు తిరిగి వచ్చే గ్యాస్‌కు పదో నంబరు, గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు వెళ్లేదానికి ఎనిమిది, ద్రవం నడిచేదానికి ఆరు. ఈ నంబర్లతో జాగ్రత్త. అవి అంగుళంలో పదహారో వంతుల లెక్కలో లోహపు గొట్టం బయటి కొలతను చెబుతాయి, హోస్ లోపలి కొలతను కాదు. పదో నంబరు హోస్ లోపలి వ్యాసం అర అంగుళమే.

హోస్ కొలత కాగితం మీద తీయకండి. రెండు చివర్లా ఫిట్టింగులు వదులుగా తొడిగి, లారీలోనే అమర్చి, ఏ వంపు ఎటు తిరగాలో ఫిట్టింగు నుంచి హోస్ మీదికి సుద్దముక్కతో ఒక గీత గీయండి. ఆ గీత కలిసేలా క్రింప్ చేయించండి, అంటే ఫిట్టింగును హోస్ మీద మెషీన్‌తో నొక్కి బిగింపించండి. నా హోస్‌లలో ఒకదానికి బిగించినతను గీత చూడకుండా నొక్కేశాడు. హోస్ మెలిపడి బ్రాకెట్ అంచుకు ఆనింది. మూడో ఏడాది అక్కడే ఒరుసుకుని చిల్లు పడింది. మెలిక ఒక్కటే కాదు, బిగుతూ ప్రమాదమే: ఇంజను మౌంట్ల మీద ఊగుతుంది, కండెన్సర్ కదలదు. ఆ ఊపుకు సరిపడా వదులు ఉంచాలి.

ఈ కారడాన్ని ఇంత పట్టించుకోవడానికి గట్టి కారణమే ఉంది. నా పాత కంప్రెసర్‌కు నూనె నిలిచే సొంత తొట్టి ఉండేది. కొత్తదానికి నూనె గ్యాస్‌తో పాటే తిరుగుతూ అందుతుంది. గ్యాస్ పోతే నూనె అందక, కంప్రెసర్ లోపలే అరిగిపోతుంది. ఒత్తిడి తగ్గగానే క్లచ్‌ను ఆపే స్విచ్ నాకు రెండుసార్లూ కంప్రెసర్‌ను దక్కించింది. అది లేని లారీకి తప్పకుండా పెట్టించండి.

అతుకుల్లో కారకుండా వేసే ఓ-రింగులు ఆర్-134ఏకి పనికొచ్చే హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బరు రకానివి వేశాను. వాటికి పూయడానికి ఖనిజ నూనే మంచిది. కంప్రెసర్‌లో పోసే పీఏజీ అనే కృత్రిమ నూనె తేమను పీల్చేస్తుంది. అల్యూమినియం ఫిట్టింగును ఎప్పుడూ రెండు స్పానర్లతోనే బిగించాలి, లేకపోతే గొట్టమే తిరిగిపోతుంది. గ్యాస్‌లోని తేమను పట్టే డ్రయ్యర్ కొత్తది వేసి, ముప్పావుగంట వాక్యూమ్ లాగి, మీటర్ ముల్లు కదలకుండా నిలిచిందని చూశాకే గ్యాస్ ఎక్కించాను. మొదట పాత గ్యాస్ బరువులో 80 శాతం వేసి, మిగతాది మీటర్లు చూస్తూ సర్దుకున్నాను.

రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు చల్లదనం పాతదానికి ఏమాత్రం తీసిపోదు, అదురు పూర్తిగా పోయింది. మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్‌లో నిలిచిపోతే మాత్రం అధిక ఒత్తిడి ముల్లు పైకి పాకుతుంది, గాలిలో చలువ తగ్గుతుంది. ఆర్-12 కోసం చేసిన పాత కండెన్సర్ ఈ గ్యాస్ వేడిని అంత త్వరగా వదల్చలేదు. ఈ ఎండలు ముదరకముందే దాన్ని ప్యారలల్ ఫ్లో రకానికి, అంటే గ్యాస్ ఒకేసారి పక్కపక్క గొట్టాల్లో పారేదానికి మార్చబోతున్నాను. ఎనిమిదో నంబరు పైపును మళ్లీ కొలవాలి, సుద్దముక్క ఇప్పటికే టూల్ పెట్టెలో వేసుకున్నాను.