ఆప్టికల్ ట్వీజర్స్ కిట్: నెల్లూరు డిగ్రీ ప్రయోగశాలలో పనితీరు

లేజర్ కాంతితో సూక్ష్మ కణాలను పట్టి నిలిపే ఆప్టికల్ ట్వీజర్స్‌ను విద్యార్థుల కోసం కిట్ రూపంలో అమ్మే కంపెనీలు ఇప్పుడు కొన్ని ఉన్నాయి. నెల్లూరులో నేను పాఠం చెప్పే డిగ్రీ కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలకు అలాంటి కిట్ ఒకటి వచ్చి ఏడాది దాటింది. ధర లక్షల్లో ఉన్న సామగ్రి కనుక, కావలి, ఒంగోలు వైపు కళాశాలల్లో దీన్ని కొనాలని ఆలోచిస్తున్న అధ్యాపకులకు పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

కిట్‌లో 660 నానోమీటర్ల ఎర్ర లేజర్ డయోడ్, 100 రెట్ల ఆయిల్ ఇమ్మర్షన్ ఆబ్జెక్టివ్ (నూనె చుక్క వేసి వాడే సూక్ష్మదర్శిని కటకం), కెమెరా, స్లైడును కొద్దికొద్దిగా జరిపే వేదిక, 3 మైక్రోమీటర్ల వ్యాసం గల పాలిస్టైరీన్ పూసల సీసా ఉన్నాయి. లేజర్ పుంజం (కాంతి ధార) ఆకారాన్ని మార్చే సర్పిల ఫేజ్ ప్లేటు, ఆక్సికాన్ అనే శంకువు ఆకారపు కటకం అదనపు ధరకు వస్తాయి. కంపెనీ ప్రకటనలో ఎక్కువ చోటు ఈ రెండింటికే దక్కింది.

మూల పరికరం విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఆర్థర్ ఆష్కిన్ బృందం 1986లో బెల్ ల్యాబ్స్‌లో చూపిన ఒంటి పుంజపు పద్ధతే ఇది. ఆ కృషికే ఆయనకు 2018లో, 96వ ఏట, నోబెల్ బహుమతిలో సగభాగం దక్కింది. పుంజాన్ని శక్తిమంతమైన ఆబ్జెక్టివ్‌తో ఒక బిందువు వద్ద కేంద్రీకరించినప్పుడు, నీటి కంటే ఎక్కువ వక్రీభవన గుణకం (కాంతిని వంచే గుణం) గల పూస తనలోంచి పోయే కిరణాలను వంచుతుంది. ఆ వంపుకు ప్రతిచర్యగా పుట్టే బలం పూసను కాంతి తీవ్రత అత్యధికంగా ఉన్న చోటికి లాగుతుంది. ఫైనలియర్ విద్యార్థులు తెర మీద పూస తటాలున బిందువులోకి దూకడం చూసి, ఆ తరువాత వేదికను జరుపుతూ చుట్టూ ఉన్న పూసలన్నీ కదిలిపోతున్నా ఇదొక్కటే నిలిచి ఉండడాన్ని గమనించినప్పుడు, కాంతికి ద్రవ్యవేగం (తగిలినదాన్ని నెట్టగల గుణం) ఉంటుందన్న వాక్యాన్ని మళ్లీ వివరించవలసిన పని నాకు పడలేదు.

అసలు చిక్కు కొలతల్లో వచ్చింది. పట్టు ఎంత గట్టిదో లెక్కించడానికి మాన్యువల్ రెండు దారులు చెబుతుంది: పట్టులో ఉన్న పూస ఎంత వణుకుతుందో కొలవడం ఒకటి, నీటిని పూస పక్కగా జరిపి స్టోక్స్ సూత్రంతో నిరోధ బలాన్ని కట్టడం రెండవది. రెండో పద్ధతిలో సెకనుకు 20 మైక్రోమీటర్ల వేగానికి మన పూస మీద పడే బలం సుమారు అర పికోన్యూటన్ (పికోన్యూటన్ అంటే న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు). మాన్యువల్‌లోని పట్టిక మాత్రం 20 డిగ్రీల నీటి స్నిగ్ధతనే (జిగటతనాన్నే) వాడుతుంది. ఏసీ లేని మా గదిలో స్లైడు దగ్గర ఉష్ణోగ్రత 33 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడికి నీటి స్నిగ్ధత దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది కాబట్టి, పట్టికను నమ్మిన వారికి బలం ఉన్నదాని కంటే మూడో వంతు ఎక్కువగా వస్తుంది. వణుకు పద్ధతి పరమ ఉష్ణోగ్రత మీద ఆధారపడేది కనుక అందులో తేడా నాలుగైదు శాతం మించదు. రెండు జవాబులు ఎందుకు కలవడం లేదో విద్యార్థులే తవ్వి తీశారు. పాఠంగా అది మేలే చేసింది గానీ, మన దేశంలో అమ్మే కిట్‌కు ఉష్ణోగ్రతల వారీ పట్టిక ఇవ్వకపోవడం కంపెనీ లోపమే. రోహిణి కార్తెలో, గాలికి స్లైడు కదలకుండా ఫ్యాను కూడా ఆపి పనిచేయవలసి వచ్చిందన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆకారం మార్చిన పుంజాల సంగతి. సర్పిల ప్లేటు డబ్బుకు తగినదే. అక్షం చుట్టూ కాంతి దశ (తరంగపు ఎత్తుపల్లాల స్థానం) మెలితిరిగి ఉండడం వల్ల నడిమధ్య తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకొని, గారె ఆకారంలో వెలుగు వలయం ఏర్పడుతుంది. అలాంటి పుంజం కక్ష్యా కోణీయ ద్రవ్యవేగాన్ని (కణాన్ని అక్షం చుట్టూ తిప్పగల గుణాన్ని) మోస్తుందని 1992లో లైడెన్‌లో అలెన్, ఆయన సహచరులు చూపారు. మా స్లైడులో పూస వలయం వెంట మెల్లగా తిరిగింది. ప్లేటును తిరగేసి పెడితే తిరిగే దిక్కూ మారింది. పుంజం రవంత పక్కకు జరిగితే వలయంలో ఒకచోట కాంతి ఎక్కువై పూస అక్కడే ఆగిపోతుంది కనుక, అమరికకు ఓపిక కావాలి.

ఆక్సికాన్‌ను మాత్రం నేను సిఫారసు చేయను. అది ఇచ్చే బెసెల్ పుంజపు నడిమి గీత చాలా దూరం సన్నగానే సాగుతుంది, అడ్డు తగిలినా ఆవల మళ్లీ కుదురుకుంటుంది, సూత్రరీత్యా అద్భుతం. కానీ శక్తి చుట్టూ ఉన్న వలయాలన్నిటికీ పంచుకుపోవడంతో, ఇంత చిన్న డయోడ్‌తో నడుమ మిగిలేది కొంచెమే. పైగా అక్షం వెంట నిలిపే బలం లేనందున పూస ముందుకు నెట్టుకుపోయి గాజుకు ఆనుకొంటుంది. మాన్యువల్ అట్ట మీద పదుల పూసలు ఒక్కసారే వరుసతీరి ఉన్న బొమ్మ వేశారు. అందుకు కంప్యూటరుతో హోలోగ్రాములు మార్చే స్పేషియల్ లైట్ మాడ్యులేటర్ ఉండాలి. అది ఈ కిట్‌లో లేదు, ఆ మాట అట్ట మీదా లేదు.

మన జిల్లాకు ప్రత్యేకమైన మాట ఒకటి. తీరం వెంబడి రొయ్యల హేచరీల్లో రొయ్య పిల్లలకు మేతగా పెంచే కీటోసెరాస్ అనే శైవలాన్ని (సూక్ష్మమైన నాచును) విద్యార్థులు ఉత్సాహంగా తెచ్చి స్లైడులో పెట్టారు. పత్రహరితం ఎర్ర కాంతిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి, ఈ లేజర్ కింద ఆ కణాలు దెబ్బతిని రంగు మారాయి. ఆష్కిన్‌కూ బాక్టీరియా విషయంలో ఇటువంటి ఇబ్బందే ఎదురై, ఆకుపచ్చ లేజర్‌ను వదిలి 1987లో 1064 నానోమీటర్ల పరారుణ కాంతికి మారారు. రంగులేని ఈస్టు కణాలతో మాకు ఆ చిక్కు రాలేదు.

వృక్షశాస్త్ర విభాగంతో కలిసి వాడుకోదలచిన వారు ఆర్డరు పెట్టేటప్పుడే ఎర్ర డయోడ్‌కు బదులు 785 నానోమీటర్లది దొరుకుతుందేమో అడగాలి. సర్పిల ప్లేటునూ అదే తరంగదైర్ఘ్యానికి చేయించాలి; ఒకదానికి చేసినది మరొకదానికి పెడితే వలయం తెగినట్టు వస్తుంది. లేజర్ నుంచి కాపాడే కళ్లద్దాలు కూడా ఆ తరంగదైర్ఘ్యానివే ఇవ్వమని రాసి పెట్టండి, ఎందుకంటే ఆ కాంతి కంటికి దాదాపు కనబడదు, హాని మాత్రం ఎర్ర లేజర్ అంతా ఉంటుంది.