రౌటర్ వెనక ఉన్నాం కదా అన్న ధీమా చాలదు: న్యాట్, డీఎన్ఎస్ వడపోత, బయటికెళ్ళే ఫైర్‌వాల్... ఏది మేలు?

మిర్యాలగూడ రైసుమిల్లు ఆఫీసుల్లో, నల్లగొండ నెట్ సెంటర్లలో, జడ్చర్ల కమీషన్ దుకాణాల్లో ఏర్పాటు దాదాపు ఒకటే. ఒక ఫైబర్ కనెక్షన్, కనెక్షన్‌తో పాటు వచ్చిన రౌటర్, దాని కింద నాలుగైదు కంప్యూటర్లు, సీసీ కెమెరాల డీవీఆర్. "లోపలి అడ్రసులన్నీ 192.168తో మొదలయ్యేవే, బయటోళ్ళకు కనబడవు" అంటారు. అది సగమే నిజం.

లోపలి అడ్రసులన్నింటినీ ఒకే బయటి అడ్రసు వెనక దాచే రౌటర్ పనినే న్యాట్ అంటారు. లోపలి కంప్యూటర్ బయటికి కనెక్షన్ మొదలుపెడితే రౌటర్ తన పట్టికలో రాసుకుంటుంది, దానికి వచ్చిన జవాబునే లోపలికి వదులుతుంది. అడగకుండా వచ్చినదాన్ని పడేస్తుంది. 1998 నాటి బ్యాక్ ఆరిఫిస్ లాంటి ట్రోజన్లు (మంచి ప్రోగ్రాంలా నటిస్తూ దిగే దొంగ ప్రోగ్రాంలు) 31337 పోర్టు, అంటే ఆ నంబరు తలుపు, తెరిచి తమ యజమాని కోసం ఎదురుచూసేవి. వాటికి న్యాట్ నిజంగానే అడ్డు. ఇప్పటివి ఎదురుచూడవు, అవే బయటికి పోతాయి. హైదరాబాద్‌లో కూర్చున్న టాలీ ఇంజనీరు ఎనీడెస్క్‌తో మీ స్క్రీన్ తెరిచినప్పుడు రౌటర్‌లో ఏ పోర్టూ తెరవలేదు కదా? మీ కంప్యూటరే ముందుగా ఎనీడెస్క్ సర్వర్ దగ్గరికి పోయింది, ఆయన అక్కడ కలిశాడు. మెయిల్‌లో వచ్చిన నకిలీ ఇన్వాయిస్‌తోనో, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తోనో దిగిన ట్రోజన్‌దీ ఇదే దారి. అదీ ఎక్కువగా 443 పోర్టు మీద. జీఎస్టీ పోర్టల్, బ్యాంకు సైటు నడిచేదీ దానిమీదే కాబట్టి మూయలేం.

ఇంకో దారి యూపీఎన్‌పీ, రౌటర్‌లోనే ఉండే ఒక సౌకర్యం. లోపలి ప్రోగ్రాం అడిగితే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే రౌటర్ పోర్టు తెరిచేస్తుంది. 2008లో కాన్‌ఫికర్ అనే వార్మ్ (తనంతట తానే పాకే వైరస్) వాడుకున్నది దీన్నే. కొన్ని డీవీఆర్‌లూ ఇలాగే తమ పోర్టు తెరిపించుకుంటాయి. దీన్ని ఆపేయడానికి ఖర్చు లేదు, ముందు చేయాల్సిన పని అదే. రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటినుంచి రౌటర్ సెట్టింగులు మార్చే వీలు), డీఎంజెడ్ (ఒక కంప్యూటర్‌ను పూర్తిగా బయటికి తెరిచిపెట్టే సెట్టింగు) కూడా ఆపి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి.

ఆ తర్వాత డీఎన్ఎస్ వడపోత. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దాని ఐపీ అడ్రసు ఇచ్చే సేవ. రౌటర్ డీహెచ్‌సీపీలో (లోపలి కంప్యూటర్లకు అడ్రసులిచ్చే సెట్టింగులో) డీఎన్ఎస్‌గా చెడ్డ పేర్లను వడకట్టే 9.9.9.9 గానీ 1.1.1.2 గానీ పెడితే, చెడ్డవని తెలిసిన పేర్లకు జవాబు రాదు. ఐదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. లోపాలు రెండు: ట్రోజన్ పేరు అడగకుండా నేరుగా ఐపీ అడ్రసుకు పోతే ఇది పట్టదు, నిన్న పుట్టిన పేరు జాబితాలో ఉండకపోవచ్చు.

బయటికెళ్ళే ఫైర్‌వాల్, అంటే లోపలినుంచి బయటికి పోయేదాన్ని కట్టడి చేసే కాపలా, బలమైనదే, కానీ నెట్ కంపెనీ ఇచ్చే రౌటర్లలో చాలావాటికి ఆ సౌకర్యం అరకొరే. మైక్రోటిక్ లాంటి కంపెనీ రౌటర్ పెట్టె విడిగా కావాలి. అన్నీ మూసి టీసీపీ 80, 443, మెయిల్‌కు 587, 993, గడియారానికి యూడీపీ 123 మాత్రమే తెరవండి (టీసీపీ, యూడీపీ డేటా పంపే రెండు పద్ధతులు). 123 మరిచిపోతే కంప్యూటర్ టైం తప్పి బ్యాంకు సైట్లు సర్టిఫికెట్ లోపం చూపిస్తాయి. డీఎన్ఎస్ నడిచే 53 పోర్టు మీరు పెట్టిన డీఎన్ఎస్‌కు తప్ప ఇంకెటూ పోకూడదు. డీవీఆర్‌కు అసలు ఇంటర్నెటే వద్దు. ఇలా మూస్తే వీడియో కాల్స్ తడబడతాయి, వాటికి ఇంకొన్ని యూడీపీ పోర్టులు కావాలి. పైగా 443 మీద పోయే ట్రోజన్ దీన్నీ దాటేస్తుంది. దీని అసలు విలువ లాగ్‌లో, అంటే ఏ కంప్యూటర్ ఎప్పుడు ఎక్కడికి పోయిందో రాసిపెట్టే చిట్టాలో ఉంది.

నాలుగైదు కంప్యూటర్ల దుకాణానికి మా ఓటు యూపీఎన్‌పీ ఆపి, డీఎన్ఎస్ వడపోత పెట్టి, రోజువారీ పనిని అడ్మిన్ కాని అకౌంట్‌లో చేయించడానికే. పదికి మించి కంప్యూటర్లుండి, బ్యాంకు చెల్లింపులు అక్కడినుంచే జరిగేచోట ఫైర్‌వాల్ పెట్టె కొనాల్సిందే. చెల్లింపుల కంప్యూటర్‌ను విడిగా ఉంచి, దానికి బ్యాంకు, జీఎస్టీ సైట్లు మాత్రమే అందేలా చేస్తే 443 చిక్కు అక్కడ చాలావరకు తీరుతుంది.

రాత్రి ఎవరూ లేనప్పుడు ఒక కంప్యూటర్ లెక్కపెట్టినట్టు ఒకే వ్యవధిలో పదేపదే ఒకే తెలియని అడ్రసుకు పోతున్నట్టు లాగ్‌లో కనిపిస్తే ముందు నెట్ కేబుల్ పీకండి, రీస్టార్ట్ చేయకండి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే కంప్యూటర్ నుంచే మార్చండి. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.