ఎల్‌బీబీబీ ఉన్నవారికి సీటీ యాంజియోనా, క్యాథెటర్ యాంజియోగ్రామా?

ఈసీజీలో లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (ఎల్‌బీబీబీ: గుండె ఎడమ వైపుకు విద్యుత్ సంకేతం తీసుకెళ్లే దారిలో అడ్డంకి) ఉంటే ట్రెడ్‌మిల్ ఈసీజీని నమ్మలేం. రక్తం సరిపోవడం లేదని చెప్పే ఎస్‌టీ భాగం మార్పులకు అర్థం ఉండదు. గుండె రక్తనాళాలనే చూడాలంటే దారులు రెండు: స్కాన్‌తో చూసే సీటీ యాంజియో, ధమనిలోంచి గుండె దాకా సన్నని గొట్టం పంపి చూసే క్యాథెటర్ యాంజియోగ్రామ్.

ఛాతీ నొప్పి స్పష్టంగా లేకుండా, ముప్పు తక్కువగా ఉంటే ముందు సీటీయే మేలు. చేతి సిరలో 50–80 మి.లీ. కాంట్రాస్ట్ (నాళాలు బొమ్మలో కనిపించేలా చేసే ద్రవం) ఎక్కిస్తారు, నాళాలు శుభ్రంగా కనిపిస్తే అక్కడితో ఆగవచ్చు. చిక్కంతా నాడి వేగంతోనే. బొమ్మ మసకబారకుండా నిమిషానికి 60 దగ్గరికి తేవడానికి మెటోప్రొలాల్ ఇస్తారు. పేస్‌మేకర్ లేకుండా రెండో, మూడో దశ ఏవీ బ్లాక్ (గుండె పై గదుల నుంచి కింది గదులకు సంకేతం సరిగా అందకపోవడం) ఉన్నవారికి ఆ మందు ప్రమాదం. పాత ఈసీజీలు వెంట తీసుకెళ్లి, మందు ఇవ్వకముందే చూపించండి. కాల్షియం పేరుకున్న చోట సీటీ అడ్డంకిని పెద్దదిగా చూపిస్తుంది.

విశ్రాంతిలోనూ నొప్పి వస్తున్నా, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) పెరిగినా నేరుగా క్యాథెటరే. అవసరమైతే అప్పుడే స్టెంట్ వేయవచ్చు. గుండె సంకేతాల దారిలో ఉన్న ఏవీ నోడ్‌కు ఎక్కువమందిలో కుడి కరోనరీ ధమని నుంచి, బండిల్ కొమ్మలకు ప్రధానంగా ఎల్‌ఏడీ (గుండె ముందు వైపు దిగే ఎడమ ధమని) సెప్టల్ శాఖల నుంచి రక్తం అందుతుంది. ఆ సన్నని శాఖలు క్యాథెటర్ యాంజియోగ్రామ్‌లోనే బాగా తెలుస్తాయి. అయితే స్టెంట్ వేసినంత మాత్రాన పాత ఎల్‌బీబీబీ పోతుందని ఆశించకండి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట వంటి ఉద్దానం మండలాలవారు ఏ పరీక్షకైనా ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ చూపించుకోవాలి. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువైతే కాంట్రాస్ట్‌తో కిడ్నీ ఇంకా దెబ్బతినే ముప్పు రెండింటిలోనూ ఉంటుంది. ముందుముందు డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలపడం) అవసరం కావచ్చు కాబట్టి మణికట్టు ధమనిని కాపాడుకోవాలి; క్యాథెటర్‌ను మణికట్టు నుంచి కాకుండా గజ్జ నుంచి పంపడం కుదురుతుందేమో డాక్టరును అడగండి.