కోటు బంగారం, కాలరే కొంప ముంచింది

విశాఖలో ఉంటూ ఊలు కోటు గురించి రాస్తున్నానంటే, అదెక్కడ వేసుకుంటావని ముందు అడుగుతారు. నిజమే, బీచ్ రోడ్డులో జనవరి రాత్రి కూడా పొడుగు చేతుల చొక్కా చాలు. నా ఇల్లు ఎంవీపీ కాలనీలోనే ఉన్నా, పని మాత్రం పాడేరు చుట్టుపక్కల మండలాల్లో. వారం మొదట్లో చీకటి ఉండగానే బండి తీసి చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కాలి. బయల్దేరేటప్పుడు హెల్మెట్‌లో చెమట పడుతుంది, ఘాట్ సగానికి వచ్చేసరికి వేళ్లు కొంకర్లు పోతాయి. మినుములూరులో చలి ఎంతకు దిగిందో డిసెంబరులో పేపర్లన్నీ వేస్తాయి కదా, ఆ చుట్టుపక్కలే నా దారి. అందుకే రూ.7,000 పైన పెట్టి ఈ పీ కోటు కొన్నాను. కొన్ని చలికాలాలు గడిచాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

పీ కోటు ఎలా ఉంటుందో తెలియనివాళ్లు తక్కువే. రెండు వరసల గుండీలు, వెడల్పు కాలరు, నడుం కిందికి వచ్చే పొడవు. ఆ వివరాలు వదిలేస్తున్నాను. నా కోపమంతా కాలరు మీద.

ఈ కోటుకు కాలరు పైభాగమంతా నల్లటి లెదర్ వేశారు. నన్ను పడగొట్టింది కూడా అదే. షోరూమ్‌లో అద్దం ముందు కాలరు పైకి లేపి చూసుకుంటే, ముదురు నీలం ఊలు మీద ఆ నలుపు నిగనిగలాడింది. మొదటి చలికాలం దాన్ని తిట్టడానికి ఏమీ లేదు. కాలరు లేపి మెడ కింద గుండీ పెడితే చెవుల దాకా కప్పేది, మంచు పడితే చేత్తో తుడిచేస్తే పోయేది. ఆఫీసులో ఎక్కడ కొన్నారని అడగనివాళ్లు లేరు. నేనూ అందరికీ పేరు చెప్పి మరీ పంపాను.

వానలు వెళ్లాక, దసరా దాటాక, బీరువాలోంచి తీశాను. డ్రైక్లీనింగ్ వాళ్లు తొడిగిన ప్లాస్టిక్ కవరు కాలరుకు అతుక్కుపోయి ఉంది. లాగితే చిర్రున శబ్దం చేస్తూ ఊడింది. పైకి మాత్రం కాలరు బాగానే కనబడింది, కాస్త జిగురుగా అనిపించింది అంతే. తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరేసి, ఆ సోమవారమే వేసుకుని బయల్దేరాను. ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర బండి ఆపి దండం పెట్టుకోవడం అలవాటు. అక్కడ హెల్మెట్ తీస్తే నాతో వచ్చిన సహోద్యోగి, "ఏంటి సార్ మెడ చుట్టూ మసి?" అన్నాడు. చేత్తో తడిమితే నల్లటి పెచ్చులు. వేలి గోరంత ముక్కలు కొన్ని, పిండిలా రాలేవి కొన్ని. చెమటకు మెడకు అంటుకుని, చొక్కా కాలరులోకి దూరి, హెల్మెట్ లోపలి స్పాంజి నిండా పరుచుకున్నాయి. రుద్దేకొద్దీ నల్లగా పులుముకుంటోంది. ఆ రోజు పాడేరులో పై అధికారులతో మీటింగ్, నేను వేసుకున్నది తెల్లచొక్కా. కోటు విప్పితే మచ్చలు కనబడతాయి, విప్పకపోతే మెడ మీద పెచ్చులు రాలుతూనే ఉంటాయి. పూటంతా అదే టెన్షన్. ఆ చొక్కా ఎన్నిసార్లు నానబెట్టినా తెల్లబడలేదు. సాయంత్రానికి కాలరు మీద నలుపు సగం పోయి, కింద బూడిదరంగు అల్లిక బట్ట బయటపడింది.

షోరూమ్‌కు తీసుకెళ్తే వాడకం వల్ల వచ్చిందన్నారు, గడువు అయిపోయిందన్నారు. ఏడాదిలో ముప్పాతిక భాగం బీరువాలో పడుకున్న కోటుకు వాడకం ఎక్కడిది? అమ్మేటప్పుడు లెదర్ అన్నారు, ఊడాక 'లెదర్ ఫినిష్' అన్నారు. నాకు ఒళ్లు మండింది అక్కడే. ఊడినందుకు కాదు, ఊడుతుందని తెలిసీ సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో దాన్ని తోలని చెప్పి అమ్మినందుకు.

అది పీయూ, అంటే పాలీయురేథేన్. బట్ట మీద పల్చగా వేసిన ప్లాస్టిక్ పూత. గాలిలోని తేమ ఆ పూతలోని అణు బంధాలను మెల్లగా తెంచేస్తుంది. పాలిస్టర్ రకం చౌక పీయూలో ఇది మరీ త్వరగా జరుగుతుంది, వేడి తోడైతే ఇంకా వేగం. మన ఊళ్లో గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు 70 శాతం పైనే ఉంటుంది, ఉక్క సంగతి చెప్పనక్కర్లేదు. వేసుకున్నా వేసుకోకపోయినా ఒకటే, లోపల అది పాడవుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ కవరులో బిగిస్తే తేమ బయటికి పోయే దారి కూడా ఉండదు. నాఫ్తలిన్ ఉండలు ఊలును పురుగు నుంచి కాపాడతాయి కానీ దీనికి ఏమీ చేయలేవు. నిజమైన తోలుకు ఇక్కడ బూజు పడుతుంది, ఒప్పుకుంటాను. అయితే బూజు తుడిస్తే పోతుంది, పూత ఊడితే తిరిగి రాదు.

కొనేటప్పుడు లేబుల్ మీద పీయూ, ఫాక్స్ లెదర్, వీగన్ లెదర్ అని ఉంటే సంగతి ఇదేనని అనుకోండి. లేబుల్ లేకపోతే అంచు తిప్పి చూడండి. తోలైతే కోసిన చోట పీచుపీచుగా ఉంటుంది, పూతైతే వెనక బట్ట నేత కనబడుతుంది.

కోటు పారేద్దామనుకుంటుండగా ఒకరు చెబితే పూర్ణా మార్కెట్ దగ్గర ఒక పెద్దాయన కుట్టుమిషన్ ముందుకు వెళ్లాను. కాలరును బొటనవేలితో గీకి చూశాడు. "తోలేటి బాబూ ఇది, ఉత్త పూత. ఈ ఉప్పుగాలికి ఆగదు. ఇప్పేసి కార్డురాయ్ ఏసేమంటావా?" అన్నాడు. నా ముందే బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ తెంపి ఆ పూత బట్టను ఊడదీశాడు. కింద కాన్వాస్ చెక్కుచెదరలేదు. ఊడదీసిన ముక్కనే కొలతగా పరిచి గట్లు గట్లుగా నూగు ఉండే ముదురు గోధుమరంగు కార్డురాయ్ కత్తిరించాడు. కత్తిరించే ముందు గుడ్డను అటూ ఇటూ నిమిరి, నూగు ఎటు వాలుతుందో చూసుకుని, అది కిందికి ఉండేలా తిప్పాడు. పైకి ఉంటే గడ్డానికి గరగర తగులుతుందట. మొత్తం రూ.450 తీసుకున్నాడు. ఆ కాలరు ఇప్పటికీ అలాగే ఉంది, పైగా పాతదానికంటే వెచ్చగా ఉంది. పీయూ కాలరు తెల్లవారుజామున మెడకు చల్లగా తగిలేది, ఇది తగలదు. రూ.7,000 కోటులో నాకు బాగా నచ్చిన భాగం ఆయన కుట్టిందే.

ఇక ఊలు. లేబుల్ మీద 60 శాతం ఊలు, మిగతాది పాలిస్టర్. దట్టంగా గట్టిపరిచిన మెల్టన్ బట్ట. ఏజెన్సీలో మంచు అంటే పొడి చలి కాదు, చెట్ల మీంచి చుక్కలు రాలే తడి. ఊలు తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు. ఈకలు కూర్చిన జాకెట్లు తడిస్తే ముద్దయిపోతాయి, వెచ్చదనం పోతుంది. నాతో వచ్చే కుర్రాడి జాకెట్ లంబసింగిలో ఒక తెల్లవారుజామున అలాగే అయింది, నా కోటు భుజాల మీద మాత్రం మంచు ముత్యాల్లా నిలబడింది. ఆ విషయంలో ఈ కోటుకు వంక పెట్టను.

ఇది వేసుకుంటే ఇంకేమీ అక్కర్లేదని మొదట్లో అనేవాణ్ని. బండి వెనక కూర్చునేవాళ్లకు ఆ మాట ఇప్పటికీ నిజమే. నడిపేవాళ్లకు మాత్రం గుండీల సందులోంచి ఛాతీకి గాలి కొడుతుంది, లోపల పల్చటి విండ్‌చీటర్ ఉండాలి. బాగా తడిసిన కోటు విశాఖలో ఆరడానికి ఒక రోజు చాలదు, ఆరేదాకా ఇంట్లో గొర్రె వాసన. బ్యాగు పట్టీలు రాసుకునే చోట నూగు ఉండలు కడుతోంది. అవన్నీ భరించగలిగేవే.

దీనితో పాటు అదే షోరూమ్‌లో కొన్న గ్లౌజులదీ కాలరు కథే, అరచేతి పూత ఊడి హ్యాండిల్‌కు అంటింది. వాటి బదులు ఊలు గ్లౌజుల మీద మామూలు రైడింగ్ గ్లౌజులు వేస్తున్నాను. మఫ్లర్ మా అమ్మ అల్లింది, దానికి రేటింగ్ ఇవ్వను. మంకీ క్యాప్‌ను చిన్నచూపు చూసేవాళ్లు ఒక్కసారి తెల్లవారకముందు వంజంగి కొండ ఎక్కి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

అరకుకో లంబసింగికో ఏడాదికోసారి సరదాగా వెళ్లేవాళ్లకు ఈ కోటు అవసరం లేదు, స్వెటర్ మీద విండ్‌చీటర్ చాలు. నాలా చలికాలమంతా ఘాట్ ఎక్కిదిగేవాళ్లైతే ఇదే కోటు పూత లేకుండా, కాలరు కూడా ఊలుతోనే వచ్చే రకం ఉంది, అది తీసుకోండి. ధర కాస్త ఎక్కువ. వానాకాలంలో ప్లాస్టిక్ కాకుండా నూలు గుడ్డ కవరులో వేలాడదీయండి, ఎండ వచ్చిన రోజు బీరువా తలుపులు తీసి గాలి తగలనివ్వండి. నాకు వచ్చే ఏడు బదిలీ ఉండొచ్చు. కిందికి వేస్తే ఈ కోటుతో పని ఉండదు, చింతపల్లి వైపు వేస్తే మాత్రం ఇదే వేసుకుని వెళ్తాను.