కడప ఎండల్లో .315 రైఫిల్‌కి కొత్త బట్: వాడాక నా అభిప్రాయం

పాత .315 స్పోర్టింగ్ రైఫిల్‌కి బట్, అంటే భుజానికి ఆనే వెనక చెక్క, మార్చాలనుకుంటే చెక్క అందానికి డబ్బు పోయకండి. అది బాగా ఆరిందా, సాకెట్‌లో (బట్ కొస దూరే ఇనుప గూటిలో) సరిగ్గా కూర్చుందా అన్నవే చూసుకోండి. కొన్నేళ్ళు వాడాక చెబుతున్న మాట ఇది.

మా పొలం సిద్ధవటం వైపు, లంకమల కింద. నాన్న దగ్గరున్న ఇషాపూర్ ప్రభుత్వ కర్మాగారపు రైఫిల్ తర్వాత నా లైసెన్సు మీదికి మారింది. నిర్మాణం పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ తరహా. బట్ ఒక ముక్క, ముందు చెక్క ఇంకో ముక్క. వన్యప్రాణి చట్టం వల్ల వేట లేదు, ఇప్పుడా రైఫిల్ షూటింగ్ రేంజిలో గురికే. పాత బట్ మెడ దగ్గర పొర వెంబడి చీలింది. జిగురు పెట్టించినా, పేల్చినప్పుడల్లా చీలిక ఇంకాస్త పాకేది.

కొత్త చెక్క అనగానే మావైపు చాలామంది ఎర్రచందనం అంటారు. పర్మిట్ లేని ముక్క ఇంట్లో ఉంటే కేసే, పర్మిట్ ఉన్నా ఆ బరువు భుజానికి శిక్ష. టేకు తేలిగ్గా దొరుకుతుంది కానీ పేల్చినప్పటి వెనక్కి తన్నుకి పొర వెంబడి చీలుతుందని భయం. నేను అక్రోటు తీసుకున్నాను. చూడాల్సింది ఒక్కటే: మెడ భాగంలో చెక్క గీతలు పొడవునా సాగాలి. అడ్డంగా కోసుకుంటూ పోతే ఎంత మంచి చెక్కైనా అక్కడే విరుగుతుంది.

1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి మరమ్మతు చేసేవాళ్ళకీ లైసెన్సు ఉండాలి. అందుకని వడ్రంగికి పాత బట్, కొత్త దిమ్మె మాత్రమే ఇచ్చాను. రైఫిల్ లైసెన్సున్న షాపు దాటి వెళ్ళలేదు. వడ్రంగి అన్నివైపులా కాస్త ఎక్కువే ఉంచి చెక్కాడు, మిగతాది షాపు మేస్త్రీ పని.

ఆ పని దగ్గరుండి చూశాను. ముందు చెక్క విప్పాకే బట్ లోపలి పొడవాటి బోల్టు ముట్టుకున్నాడు. ఈ తరహా రైఫిళ్ళలో ముందు చెక్క ఉండగా ఆ బోల్టు తిప్పితే ఆ చెక్క పగిలే ప్రమాదం ఉంది. తర్వాత సాకెట్ లోపల నూనెలో కలిపిన కాటుక పల్చగా రాశాడు. బట్‌ని లోపలికి నెట్టి, బయటికి తీశాడు. నల్లగా అంటినచోట మాత్రమే ఉలితో గీకాడు. మళ్ళీ నెట్టాడు. మొదట రెండు మూడు చుక్కలే అంటేవి. సాయంత్రానికి చుట్టూ సమంగా మసి పట్టింది. బోల్టు బిగించి చేత్తో ఊపితే పిసరంత కదలిక లేదు. నేను డబ్బిచ్చింది ఈ పనికే అనుకుంటాను. చెక్క ఒకవైపే ఆనితే తన్నంతా అక్కడే పడి చీలిక మొదలవుతుంది.

పొడవు కూడా నా చేతికి తగ్గట్టు తగ్గించాం. మోచేయి మడిచి, మడతలో బట్ ఆనిస్తే వేలి మొదటి కణుపు ట్రిగర్‌కి అందాలి. బ్యారెల్ కురచ చేయడం చట్టం ఒప్పుకోని పని, దాని జోలికి ఎవరూ పోకూడదు. మేం తగ్గించింది బట్ చెక్క మాత్రమే. చెంప ఆనే భాగం ఎత్తు పెంచలేదు. నాది అద్దాల్లేని మామూలు ఇనుప సైటు, ఎత్తు పెరిగితే కన్ను గురి గీతకి పైన ఉండిపోతుంది. స్కోప్ పెట్టేవాళ్ళకే ఆ ఎత్తు కావాలి.

పూతకి కాచిన అవిసె నూనె. పల్చగా రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి, మళ్ళీ రుద్దాలి. సాకెట్‌లోకి వెళ్ళే కొసకీ, భుజానికి ఆనే రబ్బరు ప్యాడ్ కింది కొసకీ తప్పకుండా పట్టించండి, చెమ్మ ఎక్కువగా పీల్చేది కోసిన కొసలే. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. మా ఎండల్లో మరీ ప్రమాదం. విప్పి ఆరుబయట ఆరేయాలి.

ఇన్నేళ్ళలో చీలిక లేదు. మే నెల ఎండకి చెక్క కాస్త కుంచించుకుని బోల్టు వదులవుతుంది, అక్టోబరు వానలకి మళ్ళీ బిగుస్తుంది. ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేసి తెచ్చుకున్నాక కూడా ఒకసారి చూపించుకుంటాను. గుళ్ళు పడే చోటు ఇప్పుడు నిలకడగా ఉంది, మునుపు ప్రతి రౌండుకీ పక్కకి జరిగేది.

నచ్చనిది రబ్బరు ప్యాడ్ ఒక్కటే. మొదట్లో భుజానికి హాయిగా ఉండేది, వేసవులు గడిచేకొద్దీ గట్టిపడి అంచున పగుళ్ళు తేలాయి. ఈసారి కాస్త మందమైనది వేయిస్తున్నాను, ఆ మందం మేరకు చెక్క తీయించి.